చెట్లు లేకపోతేనేం, పైపులున్నాయిగా!

ఎండాకాలం సెలవులొస్తే మీకు ఊయల కావాలి, ఊయలకేమో చెట్లు కావాలి. మన సత్యసాయి జిల్లాలో చెట్టంటే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానే చెట్టు! దాదాపు ఐదెకరాల్లో పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. దానికి ఊయల కడితే ఊరుకోరు, కట్టకూడదు కూడా. పుట్టపర్తిలో మన మిద్దె మీదేమో తులసి కుండీ తప్ప ఇంకోటి లేదు. అందుకే ఊయల స్టాండు పైపులతో మనమే చేసుకుందాం: రెండు పక్కలా కాళ్లు, పైన అడ్డంగా ఒక దూలం.

కట్టకపోయినా ఆ మాను దగ్గర నేర్చుకునేదుంది. అంత దూరం చాచిన కొమ్మలు ఎందుకు విరగలేదు? ఊడలు దిగి, నేలలో పాతుకుని, కింద నుంచి ఎత్తి పట్టుకున్నాయి కాబట్టి. కొమ్మకు ఊడలెలాగో మన దూలానికి కాళ్లలాగ. ఇక స్టాండు సంగతి చూద్దాం.

చెనక్కాయలు పీకే కూలికి పోయిన తల్లి ఏం చేస్తుంది? చేనిగట్టున మూడు కట్టెలు నిలబెట్టి, పైన కలిపి కట్టి, పాతచీర వేలాడదీసి బిడ్డను పడుకోబెడుతుంది. నాలుగు కట్టెలు ఎందుకు పెట్టదు? ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్లలో ఒకటి గాల్లోనే ఉంటుంది, మనిషి కదిలితే లొడలొడలాడుతుంది. మూడు కాళ్లయితే నేల ఎట్లా ఉన్నా మూడూ ఆనుతాయి. మనకు అట్లాంటి ముక్కాళ్లు రెండు కావాలి, వాటి మీద ఒక దూలం.

హిందూపురంలో గానీ ధర్మవరంలో గానీ ఇనుప సామాన్ల అంగట్లో ఇంచు జి.ఐ. పైపులు రెండు అడగండి. ఒక్కోటి 6 మీటర్లు, అంటే మన లెక్కలో 20 అడుగులు. అంగట్లోనే ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేయించండి. ఎనిమిది ముక్కలొస్తాయి. ఆరు కాళ్లకు, రెండు దూలానికి. ముక్క వృథా కాదు. మీడియం రకమైతే ఒక్కో ముక్క సుమారు మూడున్నర కిలోలు. అన్నీ విడదీసి ఆటోలో వేసుకుని అమ్మమ్మ ఊరికీ తీసుకెళ్లొచ్చు.

వెల్డింగ్ మాత్రం వద్దు. జి.ఐ. పైపుకు జింకు పూత ఉంటుంది. కాలిస్తే వచ్చే తెల్లపొగ పీల్చినవాళ్లకు జ్వరం పట్టుకుంటుంది. తాడూ బోల్టులూ చాలు. మూడు కాళ్లను పైన అరడుగు వదిలి, నైలాన్ తాడును ఎనిమిది అంకెలా తిప్పుతూ కట్టండి. కాళ్లు విప్పితే పైన కొమ్ముల్లా నిలుస్తాయి, వాటి సందులో దూలం కూర్చుంటుంది. కింద కాళ్లు ఇంకా దూరం జరక్కుండా చుట్టూ ఒక తాడు. నున్నటి బండల మీద ఇది లేకపోతే మనిషి ఎక్కగానే కాళ్లు జారి స్టాండు కూలబడుతుంది. దూలం ముక్కలు రెండింటినీ ఎదురెదురుగా ఆనించి, అతుకు మీద కాస్త లావుపాటి పైపు ముక్క తొడిగి బోల్టు వేయండి.

ఇప్పుడు అసలు కిటుకు. తాడు నడిమధ్య నీళ్ల బకెట్ తగిలించి, చెరో కొస ఇద్దరు పట్టుకోండి. దగ్గరగా నిలబడితే సులువే. దూరం జరిగేకొద్దీ చేతులు వణుకుతాయి. తాడు పూర్తిగా తిన్నగా కావాలంటే మీ వల్లే కాదు, భీముడి వల్ల కూడా కాదు. బకెట్ బరువు మారలేదు, తాడు వాలు తగ్గిందంతే. 60 కిలోల మనిషి ఊయలెక్కాడనుకోండి. తాడు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో పక్క లాగుడు 60 కిలోలు. 10 డిగ్రీలకు బిగించి కడితే 170 దాటుతుంది! స్తంభాల మధ్య కరెంటు తీగలు కిందికి వేలాడేదీ ఇందుకే. లైన్‌మ్యాన్ బద్ధకమేం కాదు.

ఆ లాగుడంతా ముక్కాళ్ల మీద పడితే రెండూ ఒకదానిమీదికొకటి ఒరుగుతాయి. అందుకే ఊయల తాడును కాళ్లకు కాకుండా దూలం కొసలకు కట్టాలి. తాడు లోపలికి జారకుండా అక్కడో అడ్డబోల్టు వేయాలి. అప్పుడు దూలమే రెండు పక్కల నుంచీ నొక్కుడు భరిస్తుంది. కాళ్లకు మిగిలేది కిందికి దిగే బరువే. నొక్కుడుకు పైపు విల్లులా వంగకుండా ఎంత మోస్తుందో 1744లోనే ఆయిలర్ అనే గణితవేత్త లెక్కగట్టాడు. పొడవు రెట్టింపు చేస్తే మోసే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. పైపు బోలుగా ఉందని చులకన చేయకండి. అంతే ఇనుముతో చేసిన కడ్డీ కన్నా పైపే వంగకుండా నిలుస్తుంది, ఎందుకంటే ఇనుమంతా నడిమి నుంచి దూరంగా అంచుల్లో ఉంటుంది.

ఊయలకు పాత నూలుచీర చాలు. ధర్మవరం పట్టుచీర తెచ్చారంటే అవ్వ ఊరుకోదు! ఐదున్నర మీటర్ల చీరను రెండు మడతలేస్తే తొమ్మిదడుగులు. రెండు కొసలా అడుగుంబావు తాడు. మన పదడుగుల దూలానికి ఆ 30 డిగ్రీల వాలు దానంతటదే వస్తుంది. కొలంబస్ 1492లో కరీబియన్ దీవులకు పోయినప్పుడు అక్కడివాళ్లు ఇట్లాంటి ఊయలల్లోనే నిద్రపోతున్నారు. వాళ్ల నుంచే ఓడల్లోని నావికులు నేర్చుకున్నారు. ఊయల పొడవునా తిన్నగా పడుకుంటే నడుము అరటిపండులా వంగుతుంది. కాస్త ఐమూలగా పడుకోండి, వీపు తిన్నగా ఉంటుంది.

పైపు కొసలు ఆకురాయితో అరగదీసి రబ్బరు బుష్షులు తొడగండి. నీడలోనే పెట్టండి, మన ఎండకు ఇనుము అంటుకోనివ్వదు. మనుషులకన్నా ముందు 25 కిలోల బియ్యం మూటలు మూడు ఎక్కించి ఊపండి. ముడి జారలేదు, కాలు జరగలేదు అంటే వరసలో నిలబడండి. మొదటి వంతు మాత్రం తాతదే. ఎనభై కిలోలకు ఆగితే మీ అందరికీ ఆగినట్టే!