యోనా ఎందుకు పారిపోయాడు?



మా సంఘములో తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఉన్నది. బైబిలు పేజీల అంచున పెన్సిలుతో ఏవేవో వ్రాసుకోవడము ఆమెకు అలవాటు. మొదట అది మాకు నచ్చలేదు. పరిశుద్ధ గ్రంథములో ఈ గీతలేమిటమ్మా అని మందలించాము కూడా. ఒక ఆదివారము సండే స్కూలు అయిన తరువాత ఆ బైబిలు పట్టుకొని వచ్చి, “అయ్యగారూ, యోనా ఎందుకు పారిపోయాడండీ?” అని అడిగింది.

ఇన్నేళ్ళుగా చెబుతున్న జవాబే గదా! “నీనెవె వాళ్ళు క్రూరులమ్మా, భయపడ్డాడు” అన్నాము.

“ఆ మాట ఎక్కడుందండీ? జవాబు చెబితే చాలదు, అది ఉన్న చోట వేలు పెట్టి చూపించాలంటారు మా తెలుగు టీచరుగారు” అన్నది.

వేలు పెట్టడానికి చోటు వెదికాము. మొదటి అధ్యాయములో యోనా లేచాడు, యొప్పేకు వెళ్ళాడు, కేవు ఇచ్చాడు, తర్షీషుకు పోయే ఓడ ఎక్కాడు. ఎందుకు ఎక్కాడో లేదు. తుఫానుకు భయపడి కేకలు వేసినవారు నావికులు. యోనా ఓడ దిగువ భాగములో గాఢనిద్రలో ఉన్నాడు. అమ్మాయి మా ముఖము చూస్తూ నిలబడింది. సాయంత్రము చెబుతానమ్మా అని పంపించాము.

ఆ టీచరుగారు కథ చెప్పే పద్ధతి ఏమిటో తరువాత ఆ అమ్మాయే వివరించింది. 1910లో వెలువడిన గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ చదివి వినిపించారట. భర్త రాత్రి పొద్దుపోయి ఇంటికి వచ్చేసరికి భార్య కనబడదు, ఉత్తరము కనబడుతుంది. అక్కడ పుస్తకము మూసి, ఇప్పుడేమి జరుగుతుందో ఎవరికి వారు వ్రాయండి అన్నారట. తరువాత మిగతాది చదివారు. భార్య మంచము క్రిందనే ఉన్నదని తెలిసి పిల్లలందరూ నవ్వారు. అంతటితో వదలలేదు. మరల మొదటికి తీసుకువెళ్ళి, రచయిత ఏ సంగతి ముందు చెప్పాడు, ఏది దాచిపెట్టాడు, ఎందుకు దాచాడు అని వెదికించారు. బోర్డు మీద కొండ బొమ్మ గీసి, ఎక్కే వైపు ఎత్తుగడ, సంఘర్షణ, శిఖరము మీద పతాక సన్నివేశము, దిగే వైపు ముగింపు అని వ్రాయించారు. నాటకముల నిర్మాణమును ఇలా కొండవలె గీసి చూపినవాడు గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మను రచయిత. ఆయన పుస్తకము 1863లో వచ్చింది.

ఇది వింటుంటే మా చిన్నతనము గుర్తుకు వచ్చింది. చందమామలో బేతాళ కథ ప్రశ్న దగ్గరకు రాగానే పేజీ మీద చెయ్యి అడ్డము పెట్టి, మేమూ మా అన్నయ్యా జవాబు కోసము పోట్లాడుకొనేవాళ్ళము. బైబిలు దగ్గరకు వచ్చేసరికి ఆ అలవాటు ఎక్కడ పోయిందో! వేదాంత పాఠశాలలో వచనము పట్టుకొని మూడు అంశములుగా విడదీయడము నేర్చుకున్నాము. అది మంచిదే. కానీ వచనములు ఏరుకుంటూ పోయేవానికి కథ కనబడదు.

ఆ మధ్యాహ్నము యోనా గ్రంథమునకు కొండ బొమ్మ గీశాము. మొత్తము 4 అధ్యాయములు, 48 వచనములు. మనము వి.బి.ఎస్.లో వారమంతా పాటలు పాడించే ఆ మత్స్యము కనబడేది 3 వచనములలో మాత్రమే. మూడవ అధ్యాయములో మొదటి పిలుపే రెండవసారి వస్తుంది. ఈసారి యోనా వెళ్ళాడు. 40 దినములని ప్రకటించాడు. రాజు మొదలుకొని పశువుల వరకు గోనెపట్ట కట్టుకున్నారు, దేవుడు క్షమించాడు. శిఖరము వచ్చేసింది, ఇక కథ దిగిపోవాలి. మా ప్రసంగములు కూడా అక్కడే ఆగేవి. కానీ ఇంకొక అధ్యాయమున్నది.

ఆ నాలుగవ అధ్యాయము రెండవ వచనములో వేలు పెట్టవలసిన చోటు దొరికింది. దేవుడు కనికరము గలవాడని, శిక్షించకుండా మనస్సు మార్చుకుంటాడని తనకు ముందే తెలుసునని, అందుకే పారిపోయానని యోనా స్వయముగా చెబుతున్నాడు. చనిపోతానన్న భయము కాదు, శత్రువు బ్రతికిపోతాడన్న బాధ! నీనెవె అష్షూరు రాజ్యపు మహాపట్టణము. నేటి ఇరాకులో మోసూలు నగరము ప్రక్కన దాని శిథిలములున్నవి. ఆ అష్షూరీయులే క్రీ.పూ. 722లో షోమ్రోనును కూల్చారు. ఆ పేరు వినగానే ఇశ్రాయేలీయునికి ఎంత మంట పుట్టేదో ఆలోచించండి. కారణమును మొదటే చెప్పియుంటే, ఎంత కఠినుడయ్యా అని మనము యోనాను ఒడ్డున నిలబడి తప్పు పట్టేవాళ్ళము. మూడు అధ్యాయములు అతనితో ప్రయాణము చేయించి, ఆపైన చెప్పాడు.

ఇంతకాలము పిల్లలకు తప్పు చెప్పామని సాయంత్రము ఆ అమ్మాయి దగ్గర ఒప్పుకున్నాము. అది కష్టమేమీ కాలేదు. కష్టమైనది మరొకటి. ఆరేళ్ళ క్రితము మమ్మును నలుగురిలో కఠినముగా మాట్లాడి సంఘము విడిచి వెళ్ళిన ఒక కుటుంబము, తిరిగి వస్తామని మాకు ఉత్తరము వ్రాసింది. నాలుగు పంక్తులు చదివి, కమిటీలో ఆలోచిద్దామని సొరుగులో పెట్టాము. కమిటీకి చెప్పనే లేదు. పట్టణమునకు తూర్పున పందిలి వేసుకొని, ఏమవుతుందో చూద్దామని కూర్చున్న ప్రవక్త మాకు పరాయివాడుగా కనబడలేదు.

తరువాతి ఆదివారము నుండి సండే స్కూలులో పెన్సిళ్ళు పంచుతున్నాము. అధ్యాయము చివర ఆగి, ఇప్పుడేమి జరుగుతుందో వ్రాయమంటాము. మీ కుటుంబ ప్రార్థనలో కూడా వారానికొక కథ ఇలా చదివి చూడండి. రూతు గ్రంథము కూడా నాలుగే అధ్యాయములు. పిల్లలు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పకండి (మా వంటి పాస్టర్లకు ఇది మరీ కష్టము). చదువు రాని మామ్మగార్లను వదలవద్దు. మా ఇంట్లో తరువాత ఏమి జరుగుతుందో సరిగా ఊహించేది మా అత్తగారే.

యోనా కథకు ముగింపు వ్రాయమన్నప్పుడు పిల్లలు ఇబ్బంది పడ్డారు. సొరచెట్టు ఎండినందుకు బాధపడుతున్నావే, 1,20,000 మందికి మించిన ప్రజలు, ఇన్ని పశువులు ఉన్న పట్టణము కోసము నేను బాధపడకూడదా అన్న భావముతో దేవుడు ప్రశ్న వేస్తాడు. గ్రంథము అక్కడితో సరి. యోనా జవాబు లేదు. ఒక పిల్లవాడు, పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాడని వ్రాశాడు. ఇంకొకడు, ఊళ్ళోకి వెళ్ళి మంచినీళ్ళు అడిగాడని వ్రాశాడు. పెన్సిలు అమ్మాయి కొండ బొమ్మ గీసి, ముగింపు దగ్గర ఖాళీగా వదిలేసింది.

సోమవారము ఉదయము సొరుగులోని ఉత్తరము తీసి చివరి వరకు చదివాము. ఆరాధన ఇప్పటికీ తొమ్మిది గంటలకేనా అని అడిగారు. తొమ్మిదిన్నరకు మార్చామని, కుటుంబమంతా రమ్మని జవాబు వ్రాశాము.