చెరువు అడుగున చేరే విషం: తాబేలు చెప్పే సాక్ష్యం

నీరు అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహం. దప్పిక తీర్చడాన్ని మనం ఉత్తమమైన సదఖాగా భావిస్తాం. బోరు వేయించడం, మస్జిద్ దగ్గర మంచినీటి కుళాయి పెట్టించడం, ఎండాకాలం చలివేంద్రం నడపడం మన దాతలకు కొత్త కాదు. నీళ్లు ఇవ్వడం ఎంత పుణ్యమో, ఉన్న నీళ్లు చెడిపోకుండా కాపాడడమూ అంతే పుణ్యం. ఎందుకో తెలియాలంటే మన చెరువుల్లో ఉండే తాబేలు సంగతి తెలుసుకోవాలి.

సీసం, పాదరసం, కాడ్మియం, క్రోమియం వంటివాటిని భార లోహాలు అంటారు. ఆర్సెనిక్‌ను కూడా వీటితోనే కలిపి లెక్కిస్తారు. చెత్త కొన్నాళ్లకు కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. లోహం మాత్రం కుళ్లదు, అరగదు. నీళ్లలో పడినదంతా చాలావరకు అడుగున బురదలో చేరుతుంది. అందుకే పైకి నీళ్లు తేటగానే కనిపిస్తాయి.

తాబేలు బతుకు ఆ బురదతోనే ముడిపడి ఉంది. నత్తలు, చేపలు, కప్పలు, చచ్చిన జీవాలు దాని తిండి. చెరువు ఎండితే బురదలోనే కూరుకుని వానల దాకా ఉంటుంది. పైగా దాని ఆయుష్షు చాలా ఏళ్లు. ప్రతి నత్తలో ఉన్న కొద్దిపాటి లోహమూ దాని ఒంట్లో ఏళ్ల తరబడి పోగవుతుంది.

ముందుగా దెబ్బ తినేది కాలేయం. ఒంట్లోకి వచ్చిన కాడ్మియం వంటి లోహాలను అది ఒక రకం ప్రొటీన్‌తో కట్టిపడేస్తుంది. శక్తికి మించితే దాని కణాలే చచ్చిపోతాయి. తరువాత కిడ్నీలు. కాడ్మియం ఎక్కువ కాలం తిష్ఠ వేసేది వాటిలోనే. రక్తాన్ని వడకట్టే సన్నని గొట్టాలు పాడవుతాయి. సీసాన్ని ఒళ్లు కాల్షియం అనుకుని మోసపోతుంది. ఎముకల్లో, డిప్పలో దాచుకుంటుంది. రక్తం తయారీకి కూడా సీసం అడ్డుపడుతుంది. పాదరసం నరాలను, మెదడును దెబ్బ తీస్తుంది, గుడ్లలోకీ చేరుతుంది. అమెరికాలోని వర్జీనియాలో పాదరసంతో కలుషితమైన ఒక నదిలో తాబేళ్ల గుడ్లు సరిగా పొదగలేదని పరిశోధకులు గుర్తించారు.

మన దేశంలోనూ ఒక హెచ్చరిక వచ్చింది. 2007 డిసెంబరు నుంచి 2008 తొలి నెలల వరకు చంబల్ నదిలో వందకు పైగా ఘరియాల్ మొసళ్లు చచ్చిపోయాయి. కోసి చూస్తే కిడ్నీలు పాడై, అవయవాల్లో యూరిక్ ఆమ్లం పేరుకుని ఉంది. కాలేయంలో, కిడ్నీల్లో సీసం, కాడ్మియం కనిపించాయి. అవే అసలు కారణమని తేలలేదు. కానీ నది లోపలి జబ్బు ఆ మొసళ్ల ఒంట్లో బయటపడింది.

"మనం తాబేలు తినం కదా, మనకేంటి?" అని కొందరు అనుకోవచ్చు. తాబేలు తినే చేపనే మనమూ తింటాం. ఆ నీళ్లే మన బర్రెలు తాగుతాయి. మన రాష్ట్రంలోనే పటాన్‌చెరు ఉంది. 1970ల్లో మొదలైన పారిశ్రామికవాడ వ్యర్థాలు నక్కవాగు ద్వారా మంజీరాలోకి చేరాయి. భూగర్భజలాల్లో ఆర్సెనిక్ కనిపించింది. పొలాలు పాడైన రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

మరిపెడ పటాన్‌చెరు లాంటిది కాదు. అయినా నిశ్చింతగా ఉండలేం. పాత వాహనాల బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. దాన్ని పగలగొట్టి ఆమ్లం కాలువలో పారబోస్తే సీసమూ వెంట పోతుంది. పగిలిన ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది. మిర్చి తోటల్లో కొట్టే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది. వాన పడితే ఇవన్నీ చెరువుకు, వాగుకు చేరతాయి. ఆకేరు నీళ్లు మున్నేరులో, అక్కడి నుంచి కృష్ణలో కలుస్తాయి.

మన వాళ్లలో చాలామంది మెకానిక్ పనిలో, పాత ఇనుము వ్యాపారంలో ఉన్నారు. మొదటి విషం సోకేది వాళ్ల చేతులకే, వాళ్ల పిల్లలకే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. వాటిని పగలగొట్టకుండా అలాగే అప్పగించాలి. ఆ పని చేసే కుర్రాళ్లకు చేతి తొడుగులు, మాస్కులు ఇప్పించడం కూడా సదఖానే. మన డబ్బుతో బోరు వేయించినప్పుడు నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. తాగే నీటిలో లీటరుకు సీసం 0.01, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ లోహం పోదు.

నిలిచి ఉన్న నీటిలో మూత్రం పోయడాన్ని దైవప్రవక్త (స) వారించారు. దప్పికతో ఉన్న కుక్కకు నీళ్లు తాగించిన మనిషిని అల్లాహ్ మన్నించిన సంగతి కూడా వారే తెలియజేశారు. నోరులేని జీవి నీళ్లను కాపాడితే మన పిల్లల నీళ్లను కూడా కాపాడినట్లే. ఈ ఏడాది ఇచ్చే విరాళంలో కొంత ఇందుకు కేటాయించండి. అల్లాహ్ మనందరి సదఖాను స్వీకరించుగాక. ఆమీన్.