ఉప్పు మోసిన లారీకి నీళ్లు పోయక తప్పదు

రంగులు, తారు పూతలతో తుప్పు ఆగదు
మంచు దేశాల అనుభవం మన కోస్తా లారీలకూ పాఠమే

(మా గ్రామీణ విలేకరి)

నౌపడ: శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ పరిసరాల్లో ఎండలు ముదిరేకొద్దీ ఉప్పు మడులు తెల్లబడతాయి. గట్ల మీద రాశులు లేస్తాయి. రాశుల వెంట లారీలు వస్తాయి. ఉప్పు రైతుకు, మడుల్లో పనిచేసే కూలీకి, లారీ మీద బతికే డ్రైవరుకు, క్లీనరుకు నాలుగు రాళ్లు కళ్లజూసే కాలం ఇదే. కాగా ఇంతమందికి అన్నం పెట్టే ఉప్పే తనను మోసిన లారీని అడుగు నుంచి తినేస్తుంది. ముందు భాగాన రంగురంగుల పూలు, అద్దం దగ్గర నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి పెళ్లికొడుకులా నిలబెట్టిన బండి కిందికి ఒక్కసారి దూరి చూస్తే, ఛాసిస్ పొడవునా పెచ్చులు పెచ్చులుగా లేచిన ఎర్రని తుప్పు కనిపిస్తుంది.

పది లారీలున్న ఆసామికి ఇది ఖాతాలో రాసుకునే ఖర్చు. ఒక్క లారీని ఫైనాన్సులో కొని, తానే డ్రైవరై తోలుకునే వాడికి మాత్రం ఇది బతుకు సమస్య. వాయిదాలు తీరే నాటికి బండి బలం కూడా తీరిపోతే చేతికి మిగిలేది పాత ఇనుము ధరే. లారీ ఎనిమిదేళ్లు దాటిందంటే ఏటా ఎఫ్‌.సి. చేయించాలి. తుప్పు తిన్న ఛాసిస్‌ను చూసి బ్రేకు ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపితే ఆ ఏటి సంపాదన వర్క్‌షాపు పాలే. అన్నిటికంటే ముఖ్యం ప్రాణం. పది టన్నుల లోడుతో ఘాటు రోడ్డు దిగేటప్పుడు స్ప్రింగు పట్టే బ్రాకెట్టో, బ్రేకు పైపో తెగితే ఆ నష్టం ఏ ఇన్సూరెన్సూ పూడ్చలేనిది.

ఉప్పు చేసే పని ఏమిటి?

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుందని బడి పిల్లలకు కూడా తెలుసు. అందులో ఉప్పు కలిస్తే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది. తుప్పు పట్టడమంటే ఇనుము మీద ఒక చోటి నుంచి మరో చోటికి సన్నని విద్యుత్తు పారడమే. ఉప్పునీరు దానికి దారి వేసిపెడుతుంది. పైగా ఉప్పు ఈ పనిలో ఖర్చయిపోదు. ఒకసారి చేరిన ఉప్పు కడిగేదాకా అక్కడే ఉండి మళ్లీ మళ్లీ అదే పని చేస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. లారీ తడిసి ఉంటేనే తుప్పు, ఎండలో నిలబెడితే భయం లేదని చాలామంది అనుకుంటారు. గాలిలో తేమ 75 శాతం దాటితే పొడి ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. సముద్రపు ఒడ్డున తెల్లవారుజామున అంతకు మించిన తేమ ఉండే రోజులే ఎక్కువ. మడి నుంచి నేరుగా వచ్చే ముడి ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా కొంత ఉంటుంది. ఉప్పుకు కాస్త చేదు తెచ్చేది అదే. దానికి 33 శాతం తేమ దొరికినా చాలు, కరిగిపోతుంది. అంటే ఎర్రటి ఎండాకాలంలో కూడా మూలల్లో చేరిన ఆ పదార్థం పూర్తిగా ఆరదు.

మంచు దేశాల్లోనూ ఇదే గోడు

ఉప్పు వల్ల బండ్లు పాడవడం మన ఊళ్లకే పరిమితం కాదు. అమెరికా, కెనడా దేశాల్లో చలికాలం రోడ్లపై మంచు పేరుకుపోతుంది. దాన్ని కరిగించడానికి అక్కడి యంత్రాంగం రోడ్ల మీద ఉప్పు చల్లిస్తుంది. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. అందుకే ఆ ఏర్పాటు. ఒక్క అమెరికాలోనే ఏటా సుమారు 2 కోట్ల టన్నుల ఉప్పు ఇలా రోడ్ల పాలవుతుందని అంచనా. చలి మరీ ఎక్కువైన చోట్ల మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ ద్రావణాలు చల్లుతారు. మన ముడి ఉప్పులో చేదుగా తగిలే పదార్థమే అక్కడ రోడ్ల మీద పడుతున్నదన్నమాట.

దాని ఫలితం అక్కడి బండ్లు అనుభవిస్తున్నాయి. పాత వాహనాల బ్రేకు పైపులు తుప్పుపట్టి తెగుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాక, 2015లో అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ యజమానులను హెచ్చరించింది. చలికాలమంతా బండి అడుగు భాగాన్ని కడుగుతూ ఉండాలని, పైపులను తనిఖీ చేయించుకోవాలని సూచించింది. మరుసటి ఏడు, 2016లో టయోటా కంపెనీ అక్కడి యజమానులు వేసిన దావాలో రాజీకి వచ్చింది. సుమారు 15 లక్షల బండ్ల ఛాసిస్‌లను తనిఖీ చేయడానికి, తుప్పు ముదిరిన వాటికి కొత్త ఛాసిస్ వేయడానికి అంగీకరించింది. అంత పెద్ద కంపెనీ, అంత సంపన్న దేశమే తుప్పు ముందు తల వంచవలసి వచ్చింది.

అక్కడ కింది నుంచి, ఇక్కడ పై నుంచి

అయితే అక్కడి బండికి, మన ఉప్పు లారీకి ఒక ముఖ్యమైన తేడా ఉంది. అక్కడ ఉప్పునీరు రోడ్డు మీది నుంచి టైర్లు చిమ్మగా కింది నుంచి పైకి తగులుతుంది. ఇక్కడ ఉప్పు లోడు రూపంలో నెత్తి మీదే కూర్చుంటుంది. తడి ఆరని ఉప్పు నుంచి ఊరిన నీరు బాడీ చెక్కల సందుల్లో దిగి, క్రాస్ మెంబర్ల మీద పడి, ఛాసిస్ పై అంచున నిలిచి, అక్కడి నుంచి లోపలి గాడిలోకి జారుతుంది. కనుక మన లారీకి తుప్పు మొదలయ్యేది కంటికి కనపడే మడ్‌గార్డుల దగ్గర కాదు. బాడీకి, ఛాసిస్‌కు మధ్య ఉన్న ఇరుకులో. బాడీని బిగించే యూ బోల్టులు, స్ప్రింగు బ్రాకెట్లు, గాలి ట్యాంకు పట్టీలు, బ్యాటరీ పెట్టె, వైర్ల జాయింట్లు దాని తర్వాతి వంతు.

చలి దేశాల్లో గడ్డకట్టే చలి ఉన్నన్నాళ్లూ తుప్పు నెమ్మదిస్తుంది. వేడి పెరిగితే వేగం పుంజుకుంటుంది. మనకు చలి అన్నది పేరుకే. అక్కడ కొన్ని నెలలు సాగే నష్టం ఇక్కడ పన్నెండు నెలలూ సాగుతుంది.

కడిగే పద్ధతి

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. ఉప్పు మోసిన లారీకీ అదే సామెత వర్తిస్తుంది. సరుకు దించిన రోజే, కుదరకపోతే మరునాడైనా, బండిని మంచినీటితో కడగాలి. ముందుగా చీపురుతో ఉప్పు పొడిని ఊడ్చేయాలి. వెనక డోరు తీసి, బాడీ చెక్కల మీద నీరు ధారాళంగా పోసి సందుల్లోంచి కిందికి దిగనివ్వాలి. ఉప్పు వెళ్లిన దారినే నీరూ వెళ్లాలి. ఆ తర్వాత కిందికి దూరి ఛాసిస్ లోపలి గాడిని, బ్రాకెట్ల వెనుక భాగాన్ని కడగాలి. అక్కడ పేరుకున్న మట్టిని ముందు గీకి తీయాలి. తడి మట్టి ఉప్పును పట్టుకుని ఇనుముకు పట్టు వేసినట్టు అంటిపెట్టుకుని ఉంటుంది. ప్రెషర్ పంపు ఉంటే మంచిదే గాని, ఆ ధారను వీల్ బేరింగుల మీదికి, వైరింగు జాయింట్ల మీదికి నేరుగా కొట్టరాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒడ్డున ఉన్న ఊళ్లలో చాలా బోర్ల నీరు ఉప్పగానే ఉంటుంది. ఆ నీటితో కడిగితే ఉప్పు పోయినట్టే పోయి మళ్లీ వచ్చి చేరుతుంది. నాలుకకు తగిలించి చప్పగా ఉన్న నీరే వాడాలి. చెరువులోకో, కాలువలోకో లారీని దింపి కడగడం మాత్రం తగదు. ఆ ఉప్పు, ఆయిలు పశువులు తాగే నీటిలో, పైరుకు పారే నీటిలో కలుస్తాయి.

కడిగాక బండిని కాస్త వాలుగా నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఛాసిస్‌లో నీరు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోకుండా చూడాలి. గాలి ట్యాంకు కింది కుళాయిని రోజూ తిప్పి లోపల చేరిన నీరు వదిలేయాలి. ట్యాంకుకు లోపలి నుంచీ తుప్పు పడుతుంది.

పూతల సంగతి

తుప్పు మీదే రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన నల్ల రంగు వేయించి తృప్తిపడే వారున్నారు. అది పుండు మీద పౌడరు రాయడమే. రంగు కింద మిగిలిన ఉప్పు రేణువు ఆ పొర గుండానే తేమను లాక్కుని బొబ్బలు లేపుతుంది. ముందు కడగాలి. ఆరాక వైరు బ్రష్షుతో, ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాలి. మళ్లీ మంచినీటితో కడిగి, బాగా ఆరాక, రాత్రి మంచు పడకముందే ఆ రోజే రెడ్ ఆక్సైడ్ వేయాలి. దాని మీద మంచి రంగు రెండు పూతలు పడాలి.

తారులాంటి మందపు పూతలు కొత్త ఇనుము మీద పనికివస్తాయి. తుప్పు మీద పూస్తే అవి బీటలిచ్చి నీటిని లోపల దాచుకుంటాయి. పైకి నల్లగా నిగనిగలాడుతూ అసలు జబ్బును కప్పిపెడతాయి. కెనడాలో చాలామంది ఏటా చలికాలం ముందు పల్చని ఆయిలును ఛాసిస్ గాడుల్లోకి పిచికారి చేయిస్తారు. గొర్రె ఉన్ని నుంచి తీసిన జిడ్డుతో చేసిన పూతలు కూడా అక్కడ వాడుకలో ఉన్నాయి. ఇవి ఎండి బీటలివ్వవు, సందుల్లోకి పాకుతాయి. మన దగ్గర కాల్చిన ఇంజిన్ ఆయిలు పూయడం పాత అలవాటు. అది తుప్పును కొంత ఆపే మాట నిజమే. కాని అది రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, నేల మీద కారి నీటిని చెడగొడుతుంది. కొత్త ఆయిలుగాని, గ్రీజుగాని రబ్బరుకు, బ్రేకు లైనర్లకు తగలకుండా పూసుకోవడం మేలు.

అతుకులతో చెలగాటం వద్దు

ఛాసిస్ బలాన్ని చిన్న సుత్తితో తట్టి కొంతవరకు తెలుసుకోవచ్చు. ఖంగుమంటే గట్టి ఇనుము. డొల్ల చప్పుడై పెచ్చులు రాలితే లోపల పలచబడినట్టే. రెండు రేకులు కలిపి బిగించిన చోట నడుమ తుప్పు చేరితే అది ఉబ్బి రివిట్లను సైతం తెంచుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక ఈ వింత.

పలచబడిన చోట ముక్క పెట్టి వెల్డింగు చేయించడం మామూలైంది. ఛాసిస్ పై అంచు, కింది అంచుల మీద వెల్డింగు చేయరాదని, రంధ్రాలు వేయరాదని లారీ తయారీదార్లే చెబుతారు. లోడు భారమంతా ఆ అంచుల మీదే పడుతుంది. హ్యాండు బ్రేకుకు సంబంధించిన చాంబరు తుప్పుపట్టితే దాన్ని రోడ్డు పక్కన విప్పరాదు. అందులో బిగించిన స్ప్రింగు ఒక్కసారిగా విడివడితే మనిషి ప్రాణం తీయగలదు.

కడిగే వసతి కల్పించాలి

ఇవన్నీ తెలిసినా ఆచరణలో మొదటి అడ్డంకి మంచినీరే. సరుకు దించిన లారీ మరో లోడు కోసం పరుగెత్తుతుంది. కడగడానికి పట్టే గంటా, అయ్యే ఖర్చూ కిరాయిలో కలిసి ఉండవు. నష్టమంతా లారీవాడి నెత్తిన పడుతుంది. ఉప్పు వ్యాపారులు, లారీ యజమానులు కలిసి కూర్చుని కిరాయిలో కడుగుడు ఖర్చును చేర్చుకుంటే ఇరువురికీ లాభమే. లారీలు త్వరగా మూలపడితే రేపు ఉప్పు ఎత్తేందుకు బండ్లు దొరకవు.

నౌపడ మొదలు బాపట్ల జిల్లా చినగంజాం, నెల్లూరు జిల్లా ఇస్కపల్లి వరకు ఉప్పు కొఠార్లున్న ప్రతి చోటా ఒక మంచినీటి ట్యాంకు, ఎత్తైన కడుగుడు ర్యాంపు, ఆ నీరు పొలాల్లోకి పోకుండా ఒక గుంట ఏర్పాటుచేస్తే ఎన్నో లారీల ఆయుష్షు పెరుగుతుంది. పంచాయతీలు, ఉప్పు ఉత్పత్తిదారుల సంఘాలు, రవాణా శాఖ అధికారులు ఈ విషయంపై దృష్టి సారించవలసి ఉంది. ఆ వసతి వచ్చేదాకా, వచ్చే లోడు ఎత్తే ముందు ప్రతి డ్రైవరూ రెండు డ్రమ్ముల మంచినీళ్లు బండి కింద పోయించడం మరవరాదు.