ఉమ్మడి కార్డు ప్రింటరు: వంతు, లెక్క, కాపుదల

చెఱువు నీరు ఊరందఱిది. అయినను తూము తీయువాడు ఒక్కడే. తూము దగ్గఱ పదిమంది చేయి పెట్టినచో ఎగువ పొలము మునుగును, దిగువ పొలము ఎండును. ఈ సంగతి కర్షక సోదరులకు వేఱుగ బోధింప నక్కఱలేదు. మన సంఘ కార్యాలయములలో నూతనముగ ప్రవేశించుచున్న కార్డు ప్రింటరు విషయమునను ఇదే న్యాయము వర్తించునని తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

2022 జూను 29వ తేదిన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములందు కంప్యూటరు లెక్కల నేర్పఱచుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. చేతివ్రాత చిట్టాలుండిన బల్లలపై నేడు కంప్యూటరులు వచ్చుచున్నవి. వానితోపాటు కొన్ని సంఘములు సభ్యులకు ఫొటోతో కూడిన ప్లాస్టిక్ గుర్తింపు కార్డుల నిచ్చుటకు చిన్న ప్రింటరును గూడ ఉంచుకొనుచున్నవి. బల్లకొక ప్రింటరు కొనుట సంఘమునకు తగదు గనుక, ఒక్కదానినే రెండు మూడు కంప్యూటరులు పంచుకొనవలసియుండును. చిక్కులు ఈ పంచుకొనుట యందే పుట్టుచున్నవి.

మా సంఘమున జరిగినదొకటి చెప్పెదను. సభ్యత్వపు బల్ల, ఋణముల బల్ల, ఎరువుల బల్ల అని మూడుచోట్ల మూడు కంప్యూటరులు కలవు. ప్రింటరు సభ్యత్వపు బల్ల కంప్యూటరునకు తీగతో కలుపబడి, దాని ద్వారా తక్కిన రెంటికిని పంచబడినది. అవి నాట్ల రోజులు. మధ్యాహ్నము సభ్యత్వపు గుమాస్తా భోజనమునకు వెళ్లియుండగా యంత్రములోని ఖాళీ కార్డులు అయిపోయినవి. ఆ హెచ్చరిక అతని తెరమీదనే కనబడెను గాని తక్కిన బల్లలకు తెలియలేదు. ఋణముల గుమాస్తా ఒక మహిళా రైతు కార్డును ముద్రణకు పంపెను, రాలేదు. మఱల పంపెను, రాలేదు. మూడవమారును పంపెను. ఎరువుల బల్లనుండి వేఱొక సభ్యురాలి కార్డు రెండుమార్లు పోయెను. గుమాస్తా తిరిగివచ్చి కార్డులు నింపగానే అయిదును వరుసగా వెలువడినవి. తొందరలో పైనున్నదానిని తీసి ఆ రైతు చేతికిచ్చిరి. ఆమెకు చదువు రాదు. ఫొటో యందలి ముఖమును పరికించి చూడుమని చెప్పినవారును లేరు. మఱునాడు ఎరువుకొఱకు ఆ కార్డు చూపగా తెరమీద మఱొకరి ఖాతా వచ్చెను. ఆమె తీసికొనబోవు బస్తాల అప్పు ఇంకొకరి పేర పడబోయి తృటిలో తప్పెను. ఆ తల్లి నాట్లు వదలుకొని మూడవనాడును కార్యాలయమునకు రావలసివచ్చెను. యంత్రము తనకు చెప్పినట్లే చేసినది, తప్పు మాది.

ఇట్టి తప్పు ఎట్లు పుట్టునో చూతము. ముద్రణకు పంపిన పని నేరుగా ప్రింటరును చేరదు. కంప్యూటరునందలి స్పూలర్ అను కార్యక్రమము దానిని వరుసలో నిలుపును. ముందరి పని ఆగినచో వెనుకనున్నవన్నియు ఆగును గాని మాయము కావు. మీట మఱల నొక్కిన ప్రతిమారును వరుసలో ఇంకొక మనిషిని నిలిపినట్లే. కావున కార్డు రానప్పుడు మొదట చేయవలసినది మఱల పంపుట కాదు; వరుసను తెఱచి చూచుట.

ప్రింటరును పంచుకొనుటకు రెండు మార్గములు కలవు. మొదటిది మేము చేసినట్లు ఒక కంప్యూటరునకు కలిపి, దాని ద్వారా ఇతరులకు పంచుట. ఇందు వరుస యంతయు ఒక్కచోట కనబడును. కాని ఆ కంప్యూటరు ఆరినను, నిద్రావస్థకు పోయినను ఎవ్వరికిని ముద్రణ సాగదు. రెండవది నెట్‌వర్కు తీగ పెట్టుకొను వసతిగల ప్రింటరును నేరుగా నెట్‌వర్కునకే కలుపుట. ఇందు ఒక కంప్యూటరు ఆరినను తక్కినవారి పని సాగును. కాని బల్లకొక వరుస యేర్పడి, ఎవరి కార్డు ఎప్పుడు వచ్చునో ఎవ్వరికిని తెలియదు. మూడు నాలుగు బల్లలు మాత్రమే గల సంఘమునకు మొదటి మార్గమే మేలని నా యభిప్రాయము. అయితే ఆ కంప్యూటరు పనివేళలలో నిద్రపోకుండ అమర్చవలయును. దానికిని ప్రింటరునకును విద్యుత్తు ఆగినను కొంతసేపు నడుపు యు.పి.ఎస్. ఉండవలయును.

నెట్‌వర్కునకు నేరుగా కలిపినవారు మఱొకటి గమనింపవలయును. ప్రింటరునకు ఐ.పి. అడ్రసు అను సంఖ్య యుండును. కరెంటు పోయి వచ్చిన పిమ్మట రూటరు దానికి వేఱొక సంఖ్య నిచ్చినచో, కంప్యూటరులు పాత యింటి తలుపు తట్టుచుండును. కావున ఆ సంఖ్యను మాఱకుండ రూటరునందు కేటాయించి, కాగితముపై వ్రాసి యంత్రమునకు అంటింపవలయును.

విండోస్ కంప్యూటరులందు ముద్రించు అధికారము వేఱు, ఇతరుల పనులను ఆపి తీసివేయు అధికారము వేఱు, ప్రింటరు అమరికలను మార్చు అధికారము వేఱు. మొదటిది అందఱికిని ఇచ్చి, తక్కిన రెండును ఒక్క బాధ్యునికే యుంచవలయును. 2021లో స్పూలర్ నందు గొప్ప లోపము బయటపడిన తరువాత, ఆ యేడాది ఆగస్టు నుండి పంచబడిన ప్రింటరు డ్రైవరును క్రొత్తగా చేర్చుటకు నిర్వాహకుని అనుమతి కావలయునని విండోస్ నియమించెను. క్రొత్త బల్లపై ప్రింటరు చేరకున్నచో యంత్రమును నిందింపక, ఈ అనుమతి కలదా యని ముందు చూడవలయును.

ఇక ఖర్చు మాట. రంగుల కార్డులు ముద్రించు రిబ్బనునందు పసుపు, ఎఱుపు ఊదా, నీలి, నలుపు, పైపూత అను పట్టీలు వరుసగా నుండును. ఒక్కొక్క కార్డునకు ఒక్కొక్క జత కదలిపోవును. కార్డుపై పేరు మాత్రమే ముద్రించినను జత యంతయు పోయినట్లే. మా అయిదు కార్డులలో రెండే అక్కఱకు వచ్చినవి. మూడు కార్డులును మూడు జతలును సభ్యుల సొమ్ములోనుండి పోయినవి. కావున రిబ్బను పెట్టిననాడు తేదియు, ఎన్ని కార్డులకు చాలునో ఆ సంఖ్యయు వ్రాసి, మంచివి ఎన్ని, చెడినవి ఎన్ని యని ప్రతిదినమును లెక్క కట్టవలయును. రిబ్బను మార్చునపుడెల్ల శుభ్రపఱచు కార్డును నడుపవలయును. ఖాళీ కార్డులను అంచులు పట్టియే తీయవలయును. వ్రేళ్ల జిడ్డును దుమ్మును ముద్రణను చెఱచును.

అన్నిటికంటె ముఖ్యమైనది రహస్య రక్షణ. వాడిన రిబ్బనును వెలుతురునకు ఎత్తి చూచినచో, నల్లపట్టీమీద సభ్యుల పేర్లును సంఖ్యలును స్పష్టముగ చదువవచ్చును. దానిని చెత్తబుట్టలో వేయుట సభ్యుల పట్టీని వీథిలో పాఱవేయుటయే. ముక్కలుగ కత్తిరించి, ఇద్దఱి యెదుట నాశనము చేసి, పుస్తకమున వ్రాయవలయును. చెడిన కార్డులకును ఇదే విధి. వ్యక్తుల సమాచారమును కాపాడుటకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. అయినను సభ్యుని నమ్మకమును నిలుపుకొనుటకు మనకు చట్టము చెప్పవలయునా?

కావున పాలకవర్గములకు నా మనవి యిది. ప్రింటరునకు ఒక బాధ్యుని, అతడు లేనివేళ మఱొకనిని నియమింపుడు. అతడు భోజనమునకు పోవునపుడు తాళము ఎవరికి ఇచ్చునో, వరుసను చూచు పనియు వారికే అప్పగింపవలయును. ప్రతి కార్డును ఇచ్చుటకు ముందు పేరు పైకి చదివి, ఫొటోను ముఖముతో పోల్చి, సభ్యత్వ సంఖ్యను సరిచూచి, పుస్తకమున సంతకమో వ్రేలిముద్రయో తీసికొనవలయును. ఇందులకు అర నిమిషము చాలును. ఆ అర నిమిషము మేము ఆనాడు పెట్టకపోవుటచేతనే ఒక రైతునకు నాట్ల దినము నష్టమయ్యెను.