ఇల్లు చేరినా దారిలోనే ఉన్న చుక్క

నెల్లూరు నుండి తూర్పుగా 20 కిలోమీటర్లకు పైగా పోతే మైపాడు వస్తుంది. అక్కడ సముద్రపు గాలి తగిలే వీథిలో ఒక ఇల్లు ఉన్నదనుకొందాము. ఇంటి యజమాని నెల్లూరులో ఉద్యోగము చేసి, చీకటి పడిన తరువాత మోటారు సైకిలు మీద తిరిగి వస్తాడు. ఇంటిలో చూపు తగ్గిన తల్లి ఉన్నది. కుమారుడు ఊరి దాపునకు రాగానే అరుగు మీది దీపము తనంతట తానే వెలగాలని వారొక ఏర్పాటు చేసుకొన్నారు. జేబులోని సెల్‌ఫోను తానున్న చోటును ఇంటిలోని చిన్న కంప్యూటరుకు తెలుపుతుంది. ఇంటి చుట్టూ గీచిన ఊహావలయములోనికి ఫోను వచ్చినదని తెలియగానే ఆ కంప్యూటరు దీపమును వెలిగిస్తుంది. 2013లో ఆరంభమైన ‘హోమ్ అసిస్టెంట్’ అనే ఉచిత ప్రోగ్రాము ఇటువంటి పనులకే పుట్టినది.

ఏర్పాటు బాగానే ఉన్నది. కాని అతడు బండి నిలిపి, చెప్పులు విడిచి, కాళ్లు కడుగుకొని లోపలికి వచ్చిన తరువాత దీపము వెలుగుతున్నది! ఉపగ్రహమునకు మబ్బు అడ్డము వచ్చినదని ఇరుగుపొరుగువారి తీర్పు.

ఈ నేరమును ఉపగ్రహము మీద మోపుటకు వీలు లేదు. మబ్బు ఈ రేడియో తరంగములను ఆపజాలదు. జి.పి.యస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నవి. రేడియో తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, నడినెత్తిన ఉన్న ఉపగ్రహము నుండి సంకేతము మనలను చేరుటకు సెకనులో నూరింట ఏడు వంతులు చాలును. మన దేశపు ‘నావిక్’ ఉపగ్రహములు ఇంకను పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నవి. వాటి సంకేతమునకు సెకనులో నూరింట పండ్రెండు వంతులు పడుతుంది. ఈ వరుసలో మొదటిది 2013 జులై 1వ తేదీన శ్రీహరికోట నుండే ఎగిరినది. (శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది, 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది.)

పైగా, ఉపగ్రహము మనలను చూస్తున్నదని చాలామంది తలుస్తారు. అది పొరపాటు. తీరమున ఉన్న లైటుహౌసు ఓడలను చూడదు. ఓడవారే దానిని చూచి తమ చోటు తెలిసికొంటారు. ఉపగ్రహము కూడ ‘ఇప్పుడు సమయము ఇంత, నేనున్న చోటు ఇది’ అని చాటుతూ పోతుంది. ఫోను కనీసము నాలుగు ఉపగ్రహముల మాట విని, ఏ సంకేతము ఎంత ఆలస్యముగా వచ్చినదో లెక్క కట్టి, తన చోటును తానే కనుగొంటుంది. ఆ సంగతి ఉపగ్రహమునకు తెలియదు, ఇంటికీ తెలియదు. ఇంటికి చెప్పవలసినది ఫోను, అది కూడ సెల్ టవరు ద్వారా.

అంటే, చోటు తెలియుట ఒక పని, తెలిసిన దానిని చెప్పుట వేరొక పని. ఆలస్యమును వెదకేటప్పుడు ఈ రెంటిని కలుపరాదు.

మొదటి పనిలో ఒక చిన్న ఆలస్యము లేకపోలేదు. జి.పి.యస్. ఉపగ్రహము తన మార్గ వివరములను సెకనుకు 50 బిట్ల చొప్పున నింపాదిగా పంపుతుంది. ఒక విడత 1,500 బిట్లు. కనుక 30 సెకనులు. అయితే నేటి ఫోన్లు ఆ వివరములను సెల్ టవరు ద్వారా ముందే తెప్పించుకొని, కొద్ది సెకనులలో పని ముగిస్తున్నవి. మన దీపము ఆలస్యమైనది సెకనులు కాదు, నిమిషములు.

ఆ నిమిషములు ఫోను నిద్రలో ఉన్నవి. ఉపగ్రహములను ఎడతెగక వింటూ ఉంటే బ్యాటరీ త్వరగా అడుగంటుతుంది. అందుచేత ఫోను తయారించినవారు పొదుపు పాటించారు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6, కదలక పడియున్న ఫోనును గాఢనిద్రకు పంపుట నేర్చినది. 2017 నాటి ఆండ్రాయిడ్ 8 నుండి, తెర మీద లేని యాప్‌నకు చోటు వివరము గంటకు కొన్నిసార్లు మాత్రమే అందుతుంది. వలయము దాటిన వార్తకు సగటున 2, 3 నిమిషములు పడుతుందని, ఫోను చాలాసేపు కదలక ఉండినచో 6 నిమిషముల వరకు కావచ్చునని ఆ సంస్థవారే చెప్పుచున్నారు. ఆపిల్ ఫోనులోని పొదుపు పద్ధతి కూడ ఇటువంటిదే: ఫోను 500 మీటర్లో, అంతకు మించియో కదలినప్పుడు వార్త పంపుతుంది, అదియు 5 నిమిషములకు ఒకసారి కంటె ఎక్కువగా కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వచ్చే బండి నిమిషమునకు సుమారు 667 మీటర్లు పోతుంది. ఇంటి చుట్టూ 100 మీటర్ల వ్యాసార్ధముతో వలయము గీస్తే, దాని అంచు నుండి గుమ్మము చేరుటకు పట్టేది 9 సెకనులు. వార్తకు పట్టేది 3 నిమిషములు. ఆ దీపము వేళకు వెలుగుట యాదృచ్ఛికమే తప్ప ఏర్పాటు వల్ల కాదు. 3 నిమిషములలో బండి 2 కిలోమీటర్లు వస్తుంది కాబట్టి వలయము కనీసము అంత దూరమున ఉండాలి. దీనితో ఇంకొక చిక్కు: పక్క ఊరి కొట్టుకు పోయినా అతడు ఇంటనే ఉన్నట్లు లెక్క. కనుక పెద్ద వలయమును దీపమునకే వాడి, ‘ఇల్లు చేరినాడు’ అనుటకు ఇంటి వై-ఫైని ఫోను అందుకొనుటను గురుతుగా పెట్టుకొనుట మేలు. తలుపు తాళము తీసే పనిని పెద్ద వలయమునకు అప్పగించుట తెలివితక్కువ.

ఆలస్యము ఎక్కడ జరిగినదో ఊహించనక్కరలేదు, కొలవవచ్చును. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థులు చేయదగిన ప్రయోగము. ముందు ఫోను గడియారము, ఇంటి కంప్యూటరు గడియారము ఒకే సమయము చూపుతున్నవో లేదో సరిచూడాలి. ఇది మరచితే తక్కిన శ్రమ వృథా. తరువాత ఒకరు ఫోనుతో వలయము దాటుతూ ఆ క్షణమును చేతి గడియారము చూచి కాగితము మీద వ్రాయాలి. ఫోను తన చోటును కనుగొన్న సమయము యాప్‌లోను, వార్త ఇంటికి అందిన సమయము కంప్యూటరు చిట్టాలోను ఉంటవి. దీపము వెలిగిన సమయమును ఇంటి వద్ద ఇంకొకరు వ్రాయాలి. మొదటి రెంటి నడుమ ఎడము ఎక్కువైతే ఫోను నిద్రపోయినది. యాప్‌నకు చోటు తెలిసికొనే అనుమతిని ‘ఎల్లప్పుడు’ అని మార్చి, బ్యాటరీ పొదుపు నుండి దానిని మినహాయించాలి. ఛార్జి త్వరగా తగ్గుతుంది; దానికి సిద్ధపడాలి. రెండవ, మూడవ సమయముల నడుమ ఎడము ఉంటే దోషము నెట్‌వర్కుది, లేక డేటాను ఆపి ఉంచిన పొదుపుది. వార్త వేళకు వచ్చి దీపము మాత్రమే ఆలస్యమైతే ఫోనును వదలి, ఇంటి ఏర్పాటును చూడాలి. ఒక్కసారి చేసి నిర్ణయించరాదు. పది రాకలైనా వ్రాయాలి.

దీపము ఆలస్యమైతే పోయేది కొద్ది. ఇదే చుక్కను పట్టపువారి ఇంట పటము మీద చూస్తున్నప్పుడు సంగతి వేరు. పడవ తీరము నుండి 10, 12 కిలోమీటర్లు దాటితే సాధారణముగా సెల్ టవరు అందదు. ఉపగ్రహముల మాట మాత్రము ఫోనుకు చక్కగా వినబడుతూనే ఉంటుంది. పడవలోని మనిషికి తన చోటు తెలుసు. ఇంటికి చెప్పే దారి లేదు. ఇంటిలోని తెర చివరి చుక్కనే చూపుతూ ఉంటుంది. పడవ రేవులో కట్టి ఉన్నా, టవరు దాటిపోయినా, ఫోను ఛార్జి అయిపోయినా చుక్క ఒకే తీరున నిలిచి ఉంటుంది.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ద్వారా 2019లో వెలువడిన ‘జెమిని’ పరికరము ఉపగ్రహము ద్వారా తుఫాను హెచ్చరికలను నడిసముద్రములోని ఫోనుకు అందించినది. కాని అది వినుటకే, బదులు చెప్పుటకు కాదు. పడవ తన చోటును, మాటను కూడ ఉపగ్రహము ద్వారానే ఒడ్డుకు పంపగల ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు అమర్చే పథకము 2024 ఆగస్టు 30వ తేదీన ఆరంభమైనది.

అటువంటి పరికరము లేని పడవ విషయములో ఇంటివారు చూడవలసినది చుక్కను కాదు, దాని పక్కన సన్నని అక్షరములలో ఉండే సమయమును. రాత్రి 9 గంటలకు చుక్క ఒడ్డునే కనబడుతూ, పక్కన సాయంకాలము 4-40 అని ఉంటే, అది 4-40 నాటి చోటు. వాయుగుండము హెచ్చరిక ఉన్న రాత్రి అయితే, ఆ అంకెను చూచినవారు రేవులోని పడవలను లెక్కపెట్టి రమ్మని ఒక మనిషిని పంపుతారు.