గోల్ఫ్ క్రీడ – అర్హతా సోపానాలు

ఏ విద్యకైనా అభ్యాసమే మూలం. ఆ అభ్యాసానికి పరీక్షయే గీటురాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల విద్యార్థులకు క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ వంటి ఆటలు చిరపరిచితాలు. కళాశాల జట్టు నుండి జిల్లా స్థాయికి, అక్కడి నుండి రాష్ట్ర స్థాయికి ఎదిగే క్రమం వారెరిగినదే. ఈ సీమలో అంతగా ప్రచారంలో లేని గోల్ఫ్ క్రీడలోను ఇటువంటి సోపానాలు ఉన్నాయి. అయితే ఇందులో జట్టును ఎంపిక చేసే సంఘమంటూ ఉండదు. ఆటగాడు కొట్టిన దెబ్బల లెక్కయే ప్రధానంగా అతని భవిష్యత్తును నిర్ణయిస్తుంది.

చిన్న బంతిని కర్రతో కొట్టి, విశాలమైన పచ్చికబయలులోని 18 గుంతలలో వరుసగా వేయడమే గోల్ఫ్. అతి తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. పెద్ద పోటీలు సాధారణంగా నాలుగు రోజులు, 72 గుంతలపై జరుగుతాయి. రెండు రోజులు గడిచిన పిమ్మట వెనుకబడినవారిని తొలగిస్తారు. ఈ వృత్తిలో నెలజీతం లేదు. ప్రయాణం, బస, కర్రల సంచి మోసే క్యాడీ వేతనం మొదలైన ఖర్చులన్నీ ఆటగాడివే. కనుక ఒక్క దెబ్బ తేడా ఒక సంవత్సరపు జీవనోపాధిని తారుమారు చేయగలదు.

వృత్తి గోల్ఫ్‌లో అమెరికాలోని పీజీఏ టూర్ అగ్రస్థాయి వేదికగా పేరొందింది. దానిలో ప్రవేశానికి 1965లో అర్హతా పరీక్ష ఏర్పడింది. దీనికి ‘క్యూ స్కూల్’ అని వ్యవహారనామం. పేరు పాఠశాలయే గాని అందులో పాఠాలుండవు, పరీక్ష మాత్రమే ఉంటుంది. 2012 వరకు ఇందులో ముందు నిలిచినవారికి నేరుగా ప్రవేశం లభించేది. 2013 నుండి కొన్నేళ్ళపాటు ద్వితీయ శ్రేణి టూర్‌కు మాత్రమే దారి చూపింది. 2023లో మరల ప్రత్యక్ష ప్రవేశం కల్పించారు. 2025లో తుది దశలో మొదటి ఐదుగురికే ఆ భాగ్యం దక్కింది.

రెండవ మార్గం కార్న్ ఫెర్రీ టూర్. ఈ ద్వితీయ శ్రేణి పోటీలలో ఏడాది పొడవునా రాణించి, పట్టికలో ముందున్నవారికి పైమెట్టు అందుతుంది. 2024లో 30 మందికి ఇచ్చిన ఈ అవకాశాన్ని 2025లో 20 మందికి తగ్గించారు. అమెరికా విశ్వవిద్యాలయ క్రీడాకారుల పట్టికలో ప్రథముడికి ఒక మార్గం, ఐరోపా టూర్‌లో రాణించినవారికి మరొక మార్గం ఉన్నాయి. కొన్ని పోటీలకు ముందుగా, సోమవారంనాడు 18 గుంతల అర్హతా పోటీ జరుగుతుంది. పదుల సంఖ్యలో పాల్గొన్నా కొద్దిమందికే చోటు దక్కుతుంది.

ఈ సోమవారపు పోటీ విలువను లోకానికి చాటినవాడు మన దేశీయుడైన అర్జున్ అత్వాల్. 2003లో క్యూ స్కూల్ ద్వారా పీజీఏ టూర్‌లో ప్రవేశించిన తొలి భారతీయుడాయన. 2010లో సభ్యత్వం కోల్పోయాడు. అయినా నిరాశ చెందక అదే సంవత్సరం ఆగస్టులో సోమవారపు పోటీలో నెగ్గి, విండమ్ ఛాంపియన్‌షిప్‌లో పాల్గొని, ఏకంగా విజేతయై నిలిచాడు.

తెలుగు మూలాలున్న సాహిత్ తీగల ప్రస్థానం కూడా గమనింపదగినది. హైదరాబాదు నుండి వలస వెళ్ళిన కుటుంబంలో 1997లో కాలిఫోర్నియాలో జన్మించాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఉత్తమ క్రీడాకారునిగా పురస్కారాలు పొందాడు. 2020లో వృత్తి క్రీడలో అడుగుపెట్టేసరికి కరోనా కారణంగా ఆ ఏటి క్యూ స్కూల్ రద్దయింది. నిర్వాహకుల ఆహ్వానాలపై లభించిన పోటీలే ఆధారమయ్యాయి. 2021లో కార్న్ ఫెర్రీ తుది పోటీల ద్వారా సభ్యత్వం సంపాదించాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ పోటీ చివరి రోజున 17వ గుంత వద్ద బంతి నీటిలో పడి గెలుపు చేజారింది. అదే జూన్‌లో ట్రావెలర్స్ పోటీలో ఒక దెబ్బ ఆధిక్యంతో చివరి గుంతకు చేరి కూడా ఓడిపోయాడు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి తొలి విజయం అందుకున్నాడు.

గోల్ఫ్ వ్యయంతో కూడిన క్రీడ అనడం సత్యమే. కాని 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్, ఒకనాడు ఇతరుల కర్రల సంచులు మోసిన క్యాడీయే. ఈ మార్గంలో అర్హత ఒక్కసారి సాధిస్తే తీరేది కాదు, ఏటేటా నిలబెట్టుకోవలసినది. 2025లో పట్టికలోని మొదటి వందమందికే పూర్తి సభ్యత్వం నిలిచింది. ఓటమి తరువాత మరల తొలిమెట్టు వద్ద నిలబడగల ధైర్యమే క్రీడాకారునికి నిజమైన అర్హత. పరీక్షలను ఎదుర్కొనే ప్రతి విద్యార్థికీ అది అనుసరణీయం.