మంచము పట్టినవారి సేవ – ప్రేమ ఒక్కటే చాలునా?

ఇంటిలో పెద్దవారికి పక్షవాతము వచ్చినను, వైకల్యము గల బిడ్డ పెరుగుచున్నను మనము మొదట వైద్యుని గురించి, ఆ పిమ్మట మందుల గురించి ఆలోచింతుము. రేయింబవళ్లు వారిని కనిపెట్టుకొని ఉండు మనిషిని గురించి ఆలోచించుట అరుదు. వైద్యుడు చూచునది కొన్ని నిమిషములు మాత్రమే. మిగిలిన కాలమంతయు రోగి పరిచారకుని చేతులలోనే ఉండును.

మన ప్రాచీనులు ఈ సంగతిని గుర్తించిరి. చరక సంహిత సూత్రస్థానము తొమ్మిదవ అధ్యాయమునందు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అని చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. పరిచారకునకు ఉండవలసిన గుణములు కూడ నాలుగే: ఉపచారజ్ఞత, దాక్ష్యము, అనురాగము, శౌచము. అదే స్థానము పదునైదవ అధ్యాయమునందు వంట, స్నానము, మర్దనము, రోగిని లేపుట, పరుండబెట్టుట తెలిసిన పరిచారకులను ముందుగానే సమకూర్చుకొనవలెనని కలదు. అనగా రోగిని లేపుట, పడుకొనబెట్టుట కూడ నేర్చుకొనవలసిన విద్యలే.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతములకు ఈ విషయము మిక్కిలి అవసరము. ఇచ్చట వయసులో ఉన్న వారు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై నగరములకును, మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ తీరమునకును పనులకై వెళ్లుచుందురు. ఇంట మిగులువారు వృద్ధులు. వారిని చూచుటకు దూరపు బంధువునో, కూలికి వచ్చు స్త్రీనో పెట్టుకొందురు. ఆమె మనసు మంచిదే కావచ్చును. కాని పని ఎవరును నేర్పి ఉండరు. ప్రమాదము అక్కడనే మొదలగును.

1. ఉపచారజ్ఞత – పని తెలియుట

కదలలేని వానిని కనీసము రెండు గంటలకు ఒకసారి ప్రక్కకు త్రిప్పవలెను. నడుము క్రింది భాగము, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక భాగము – ఈ చోట్లను ప్రతిదినము వెలుతురులో పరీక్షింపవలెను. చర్మము ఎర్రబడి, ఆ ఎరుపు తగ్గకున్నచో అది పడక పుండునకు తొలి గుర్తు. నల్లని చర్మముపై ఎరుపు కనబడకపోవచ్చును. కావున రంగు మారినదా, వేడిగా లేక గట్టిగా ఉన్నదా అని చూడవలెను. అట్టి చోట నూనె వేసి రుద్దరాదు. రుద్దినచో లోపలి కండ మరింత చెడును. ఆ భాగముపై బరువు పడకుండ చేయుటయే మొదటి చికిత్స.

2. దాక్ష్యము – నేర్పు

పక్షవాతము వచ్చిన చేతిని పట్టి లాగి లేపుట పెద్ద పొరపాటు. పట్టు తప్పిన భుజపు కీలు జారి, నెలల తరబడి నొప్పి మిగులును. ముందుగా రోగిని ప్రక్కకు త్రిప్పి, కాళ్లు మంచము క్రిందికి దించి, వీపునకు ఆసరా ఇచ్చి కూర్చుండబెట్టవలెను. లేపువారు నడుము వంచక మోకాళ్లు వంచి, రోగికి దగ్గరగా నిలువవలెను. అప్పుడు ఇద్దరి నడుములును క్షేమముగా ఉండును.

పడుకొనియున్న వారి నోటిలో గంజి పోయరాదు. నిటారుగా కూర్చుండబెట్టి, చిన్న చిన్న ముద్దలుగా పెట్టి, ఒకటి మ్రింగిన పిమ్మటనే మరొకటి ఇవ్వవలెను. తిన్న తరువాత అరగంట వరకు పడుకొనబెట్టరాదు. మ్రింగుట కష్టమైన వారికి పలుచని నీటి కంటె చిక్కని చోడి అంబలి వంటిది సులభముగా దిగవచ్చును. అయినను తినునప్పుడు దగ్గు వచ్చుట, గొంతు మారుట కనిపించినచో వైద్యునకు చూపవలెను. ఆహారము ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగును.

3. అనురాగము – గౌరవముతో కూడిన ప్రేమ

అనురాగమనగా జాలి కాదు. తాకుటకు ముందు “మామ్మగారూ, ఇప్పుడు ప్రక్కకు త్రిప్పుదునా?” అని అడుగుట అనురాగము. ఒంటిని తుడుచునప్పుడు తుడుచు భాగము తప్ప మిగిలినదంతయు దుప్పటితో కప్పుట అనురాగము. స్త్రీలకు స్త్రీ పరిచారికయే కావలెనని కోరినచో ఆ కోరిక మన్నింపవలెను. రోగి ఎదుటనే అతడు లేనట్లు బంధువులతో అతని మలమూత్రముల గురించి మాట్లాడరాదు.

చూపు లేని వారి చేయి పట్టి లాగరాదు. మన మోచేయి అందించినచో వారే పట్టుకొని నడతురు. వినబడని వారికి ఎదురుగా నిలిచి ముఖము చూపుచు మాట్లాడవలెను. మతిమరుపుతో ఒకే మాట పదిసార్లు అడుగు పెద్దలతో వాదింపరాదు. కాళ్లుచేతులు కట్టివేయుట, గదిలో పెట్టి తాళము వేయుట సేవ కాదు, హింస.

“కుంటి”, “గుడ్డి” అని పిలుచుట కొందరికి అలవాటు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము నలుగురిలో వారిని ఉద్దేశపూర్వకముగా అవమానించినచో ఆరు నెలల నుండి ఐదేండ్ల వరకు జైలుశిక్ష కలదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము వృద్ధుని సంరక్షణలో ఉంచుకొని విడిచిపెట్టిన వారికి మూడు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధించుచున్నది.

4. శౌచము – చేతి శుభ్రత, మనసు శుభ్రత

సేవకు ముందును, తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. గోళ్లు కత్తిరించుకొనవలెను. స్త్రీలను శుభ్రపరచునప్పుడు ముందు నుండి వెనుకకు తుడువవలెను. లేనిచో మూత్రమార్గమునకు చీము పట్టును. డబ్బు విషయమున నిజాయితీయు శౌచమే. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వము పింఛనులను వృద్ధులకు నెలకు 4,000 రూపాయలకును, దివ్యాంగులకు 6,000 రూపాయలకును పెంచినది. ఆ సొమ్ము వారిది. ప్రతి రూపాయి లెక్కయు వారికి చెప్పవలెను.

గృహవైద్యమునందు జాగ్రత్తలు

నువ్వుల నూనె అభ్యంగనము మేలు చేయునదే. కాని జ్వరము, అజీర్ణము ఉన్ననాడు చేయరాదు. మర్దనము పిదప అరికాళ్లు తుడువకున్నచో వృద్ధులు జారిపడుదురు. ఇసుక మూటతో కాపడము పెట్టునప్పుడు మధుమేహము వలన, పక్షవాతము వలన స్పర్శ పోయిన వారికి చర్మము కాలుచున్నను తెలియదు. పరిచారకుడు తన ముంజేతిపై వేడి చూచుకొని, పలుమార్లు చర్మమును పరీక్షించుచు పెట్టవలెను.

ఉద్దానమునందు మరొక జాగ్రత్త కలదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలములలో మూత్రపిండముల వ్యాధితో బాధపడువారు పెక్కురు. అది కొబ్బరితోటల సీమ. నీరసించిన వారికి బొండము నీరు ఇచ్చుట అచ్చటి వాడుక. కాని కొబ్బరి నీటిలో పొటాషియం అధికము. చెడిన మూత్రపిండములు దానిని బయటకు పంపలేవు. అది రక్తములో పెరిగిన గుండె ఆగిపోవచ్చును. కావున వైద్యుని అనుమతి లేనిదే వారికి బొండము నీరు గాని, భస్మములు గాని ఈయరాదు. డయాలసిస్ కొరకు ఫిస్ట్యులా వేసిన చేతికి రక్తపోటు పట్టీ కట్టరాదు, ఆ చేతితో బరువు ఎత్తనీయరాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తీరమును తాకినది. ఊరిలో ఎవరు నడువలేరో, వారిని మోయుటకు ఎవరు వత్తురో, వారి మందులు ఏ సంచిలో ఉన్నవో గాలి లేవక ముందే నిశ్చయించుకొనుట కూడ పరిచారకుని విధి.

శిక్షణ ఎట్లుండవలెను?

వినుట వలన మాత్రమే ఈ విద్య రాదు. నేర్చుకొనువారు ఒకసారి తామే మంచముపై పడుకొని, ఇతరులచే త్రిప్పించుకొని, కళ్లు మూసుకొని ఇతరుల చేత తినవలెను. అప్పుడు తొందరపాటు చేయి ఎంత భయము గొల్పునో తెలియును. పిమ్మట అనుభవజ్ఞుల పని చూచి, వారి ఎదుట చేసి, చివరకు తాముగా చేయవలెను. సేవ పొందువారినే “మీకు ఏది సుఖము?” అని అడిగి నేర్చుకొనుట అన్నింటికంటె ఉత్తమము.

పరిచారకుడును మనిషియే. నిద్ర, వారమునకు ఒకనాటి విశ్రాంతి, న్యాయమైన జీతము లేనిచో సహనము నశించి చేయి కఠినమగును. ఇంటివారు వారిని గౌరవించిన, వారు రోగిని గౌరవింతురు. వృద్ధులకు సహాయము కావలసి వచ్చినచో 2021లో దేశమంతట ప్రారంభమైన 14567 ఉచిత ఫోను సేవను పిలువవచ్చును.

నాలుగు పాదములలో ఒకటి విరిగినను మంచము నిలువదు. వైద్యుని వెదకునంత శ్రద్ధతో పరిచారకుని తీర్చిదిద్దుకొనుడు. రేపు మనము మంచము పట్టిననాడు మనలను త్రిప్పు చేతులు కూడ అట్టివే కావలెను గదా!